బొట్టు పెట్టిన డిస్కు

ఈ మధ్య మా కదిరి గ్రంథాలయంలో నా పక్కన కూర్చున్న ఒక కాలేజీ అమ్మాయి ఫోన్లో ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుంటూ ఉంటే చూశాను. వేలితో ఒక్కసారి తాకింది. తెర మీద చిన్న గుండ్రం తిరిగింది. అంతే, అయిపోయింది.

"ఒకప్పుడు ఈ పని కోసం నేను నెలల తరబడి బస్సుల్లో తిరిగినానమ్మా" అన్నాను.

"ఏందన్నా, ఇన్‌స్టాల్ చేసేదానికి కూడా కథ ఉంటాదా?" అని ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

ఉంటుంది. ఆ నవ్వు విన్న తర్వాతే దీన్ని రాయాలని గట్టిగా అనుకున్నాను. మా ఊళ్ళలో బోరు వేయించినవాళ్ళ పేరు నీళ్ళ తొట్టి మీద రాస్తారు. బడికి గంట కొనిచ్చినవాళ్ళ పేరు గంట మీద చెక్కిస్తారు. కానీ ఒక కష్టమైన పనిని తేలిక చేసినవాళ్ళ పేరు ఎక్కడా కనబడదు. తేలికైన మరుక్షణం అది మొదటినుంచీ తేలికే అనుకుంటారు అందరూ. బస్టాండు వెనక సందులో ఒక చిన్న టైపు సెంటర్లో, కొందరు మామూలు మనుషులు కలిసి లినక్స్ కంప్యూటర్లోకి తెలుగును ఎలా ఎక్కించారో, దాన్ని ఎవరైనా ఎక్కించుకునేలా ఎలా చేశారో నాకు తెలుసు. నేను రాయకపోతే ఇక రాసేవాళ్ళు లేరు.

నేను ఇంటర్ మధ్యలో ఆపినవాణ్ణి. మాది నల్లమాడ దగ్గర పల్లె. వేరుశనగ చేను ఎండిపోయిన ఒక ఏడు కదిరికి వచ్చి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను. ఆ ఉద్యోగానికి ఒక గొప్ప గుణం ఉంది. ఎవరో ఒకరు అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడుతున్నంతసేపూ మనం పుస్తకం చదువుకోవచ్చు. అట్లా గ్రంథాలయంలోని తెలుగు బీరువాలన్నీ చదివేశాను. నాకు డిగ్రీ లేదు, కానీ గ్రంథాలయం కార్డు ఉంది. ఆ మాట ఇప్పటికీ తల ఎత్తుకునే చెప్తాను.

"ఏమప్పా, పుస్తకాలన్నీ అయిపోయినాయా? ఇంక బీరువా తలుపులు చదువుతావా?" అన్నాడు లైబ్రేరియన్ ఒకరోజు. ఆయన మాట అట్లే ఉండేది, కానీ చెయ్యి మాత్రం మంచిది. బల్ల కింద నుంచి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసి నా ముందు పడేశాడు. అనంతపురం పెద్ద గ్రంథాలయం నుంచి వచ్చిన కట్టలో కలిసి వచ్చిందట. చివరి అట్టకు కాగితం జేబు, అందులో ఒక సీడీ. "దీన్ని ఇంతవరకూ ఎవురూ తెరవలేదు. నువ్వు తెరిస్తే నువ్వే మొదలు."

నేనే మొదలు! ఆ మాటకే ఒళ్ళు పులకరించింది. ఒక పక్క పుస్తకం, ఒక పక్క నిఘంటువు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీ దాటడానికే ఒక వారం పట్టింది. అది లినక్స్ అనే సిస్టం గురించి. ఇది లోపల ఉంటేనే కంప్యూటర్ కంప్యూటర్‌గా పని చేస్తుంది, లేకపోతే ఉట్టి రేకు డబ్బా. దీన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు, లోపల తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు అని రాసి ఉంది. నాకు అర్థం తప్పిందేమోనని ఆ వాక్యంలోని ప్రతి మాటకూ నిఘంటువు మళ్ళీ చూశాను. తప్పలేదు. నిజంగానే అట్లా రాసి ఉంది!

చదవడానికి పుస్తకం దొరికింది సరే, చేసి చూడటానికి కంప్యూటర్ ఏది? అక్కడే అక్క వస్తుంది ఈ కథలోకి.

బూత్ వెనక సందులో ఒక అక్క, వాళ్ళమ్మ కలిసి టైపు సెంటర్ నడిపేవారు. అక్క టైపు హైయర్ పాసైంది. ఆమె కొడుతుంటే మిషన్ మీద వాన పడినట్టుండేది. కానీ కాలం మారింది, టైపు నేర్చుకునేవాళ్ళు రావడం మానేశారు. ఆమె బెంగళూరు నుంచి పాత కంప్యూటర్లు మూడు తెప్పించి టైపు మిషన్ల పక్కన పెట్టింది. వాటిలో ఉన్నవన్నీ ఎవరెవరి దగ్గరో కాపీ కొట్టిన సాఫ్ట్‌వేర్లు. వాటికి తోడు వైరస్‌లు.

పల్లెల్లోని మహిళా సంఘాలకు తెలుగులో కంప్యూటర్ నేర్పించడానికి ప్రభుత్వం ఒక సెంటర్ పెడుతుందని, దానికి స్థలాలు చూస్తున్నారని తెలిసి అక్క అర్జీ పెట్టుకుంది. ఆ సెంటర్ వస్తే షట్టర్ తెరిచి ఉంటుంది. రాకపోతే దించేసి, అమ్మను తీసుకుని బెంగళూరు పోయి గార్మెంట్స్ కంపెనీలో చేరాలని ఆమె నిర్ణయం. "ఈ వేళ్ళతో గుండీలు కుట్టుకుంటా, ఏముండాది" అనేది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

చూడటానికి వచ్చిన అధికారి కోస్తా వైపు మనిషి. మాట మెత్తగా, పని కచ్చితంగా. కంప్యూటర్ తెరిచి ఒక నిమిషం చూసి మూసేశాడు.

"ఇవన్నీ దొంగ కాపీలేనండీ. ప్రభుత్వం వాళ్ళు నేర్పించే చోట ఇవి ఉండకూడదు. సొంతంగా కొన్నవైనా ఉండాలి, లేదా చట్టప్రకారం ఉచితంగా వచ్చినవైనా ఉండాలి. పైగా తెలుగు రావాలి. చూసుకోండి, మళ్ళీ వస్తాను."

ఆయన పోయిన తర్వాత అక్క షట్టర్ వైపే చూస్తూ కూర్చుంది. నేను బూత్ వదిలేసి పరుగెత్తాను.

"అక్కా, ఉండాది! ఉచితంగా వచ్చేది ఒకటుండాది! చట్టప్రకారమే! నేను పుస్తకంలో చదివినా!"

"నువ్వు చదవందేముండాదిలే. నా కంప్యూటర్ పాడు చేస్తావేమో."

"ఇప్పటికే పాడైంది గదక్కా, ఇంకేం పాడు చేసేది?"

వాళ్ళమ్మ, మేమంతా అవ్వా అనేవాళ్ళం, గడప దగ్గర వేరుశనగ కాయలు ఒలుస్తూ అంది: "చెయ్యనీలేమ్మా. ఫోన్లు కలిపి కలిపి బుర్ర చెడింది పిల్లోనికి, కొంచేపు ఆడుకోనీ."

పుస్తకం జేబులోని ఆ సీడీ పెట్టాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి తెర మీద కొత్త రంగు, కొత్త బొమ్మలు వచ్చాయి. వైరస్ లేదు, దొంగతనం లేదు. గ్రంథాలయం నుంచి వచ్చిన సిస్టం! నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. అక్క కీబోర్డు ముందు కూర్చుని ఇంగ్లీషులో ఒక పేరా దడదడా కొట్టింది. వచ్చింది.

"తెలుగు?" అంది.

తెలుగు లేదు.

అసలు కథ ఇక్కడ మొదలు. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఆ సీడీలో లేదు. దాన్ని వేరే ఎవరో, ఎక్కడో కూర్చుని, మన భాష మీద ఇష్టంతో రాసి ఇంటర్నెట్‌లో పెట్టారు. బయటివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌ను లినక్స్‌లోకి ఎక్కించడం ఆ రోజుల్లో ఎట్లా ఉండేదంటే, ఆఫీసులో కులం సర్టిఫికెట్ అడిగినట్టు ఉండేది. దానికి రేషన్ కార్డు తెమ్మంటారు. రేషన్ కార్డుకు పోతే ఇంటి పన్ను రసీదు తెమ్మంటారు. అట్లే ఈ ఫైలు ఎక్కాలంటే ఇంకో ఫైలు కావాలంటుంది. దాన్ని తెస్తే అది మరొకదాన్ని అడుగుతుంది. అడిగేదేదో అన్నీ ఒకేసారి అడగదు. ఒకటి తెచ్చిన తర్వాతే రెండోది చెప్తుంది.

సెంటర్లో ఇంటర్నెట్ లేదు. కదిరి నెట్ సెంటర్లో ఒక ఫైలు దిగేలోపల కరెంటు పోయేది. అందుకని అనంతపురం బస్సెక్కేవాణ్ణి. అక్కడ కాలేజీల దగ్గరి నెట్ సెంటర్లో ఫైలు దించి, సీడీ మీద రాయించుకుని, సాయంత్రానికి తిరిగొచ్చి పెడితే, "ఇంకొకటి లేదు" అనేది కంప్యూటర్. మళ్ళీ బస్సు.

"ఏమప్పా, అనంతపురంలో పిల్లను చూసుకున్నావా? వారం వారం పోతాండావు" అన్నాడు మా బూత్ యజమాని.

"పిల్ల కాదన్నా, ఫైలు."

"పేరు బాగుండాదే. ఏ ఊరంట?"

చివరికి ఒకరోజు అన్నీ కుదిరాయి. అక్క 'అ' కొట్టింది. తెర మీద 'అ' వచ్చింది. గుండ్రంగా, నిండుగా, మన 'అ'! అక్క ఇక ఆగలేదు. తన ఊరు పేరు కొట్టింది, అమ్మ పేరు కొట్టింది, నోటికొచ్చినదంతా కొట్టింది. అవ్వ కాయల చేట పక్కన పెట్టి వచ్చి తెరను వేలితో తాకి చూసింది. చదవడం రాదు ఆమెకు. "ఇది నా పేరేనా?" అని అడిగి, అవునంటే, "బాగానే ఉండాది, కొంచెం లావు చెయ్యి" అంది.

అధికారి రెండోసారి వచ్చాడు. తెలుగు చూసి ముఖం విప్పారింది. "భలే చేశారండీ. దీన్ని ఎక్కించింది మీరేనా?"

అక్క నా వైపు చూపించింది. "మా తమ్ముడు సార్. బూత్‌లో ఉంటాడు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మంచిదే. కానీ రేపు ఈయన ఇంకో ఊరు వెళ్తే? ఒక మిషన్ పాడైతే? పల్లెల్లో ఇంకో నాలుగు చోట్ల ఇదే పెట్టాలంటే ఈయన్నే పంపుతారా? చూడండమ్మా, వచ్చినవాళ్ళకు నేర్పించేది మీరు. ఎక్కించుకోవడం కూడా మీకు రావాలి. దసరా వెళ్ళాక వస్తాను. తెలుగు లేని మిషన్ మీద మీ చేత్తో ఎక్కించి చూపించండి. ఈయన గదిలో ఉండకూడదు."

నాకు కోపం వచ్చింది. కానీ బస్టాండు దాకా నడిచి వచ్చేసరికి తెలిసింది, ఆయన అడిగింది సరైన ప్రశ్నే. నేను నెలల తరబడి చేసిన పని నా తలలో ఉంది. నా తల బయట అది ఎక్కడా లేదు.

అక్కకు నేర్పడం మొదలుపెట్టాను. నల్ల తెర తెరిచి, దాని మీద ఒక్కొక్క ఆజ్ఞ కొట్టాలి. టైపు హైయర్ పాసైన మనిషికి ఇదొక లెక్కా అనుకున్నాను. మొదటి వరుస చెప్పాను. చూడకుండా కొట్టేసింది. కంప్యూటర్ ఆ ఫైలు లేదంది. మళ్ళీ కొట్టింది. లేదంది. నేను తెర మీద అక్షరం అక్షరం చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. నేను కొట్టాను, తీసుకుంది. ఆమె కొట్టింది, లేదంది.

"నేనంటే పడదేమప్పా దీనికి?"

"కాదక్కా, ఇంకొకసారి మెల్లగా..."

"మెల్లగా కొట్టేది నాకు రాదు! పరీక్షలో ఒక్క తప్పు లేకుండా పాసైనదాన్ని. నాకే తప్పులు పడ్తాదా ఇది? దీని కండ్లే బాగలేవు."

 ఆమె వేళ్ళను చూస్తూ మళ్ళీ కొట్టమన్నాను. అప్పుడు పట్టుకున్నాను! ఫైలు పేరులో ఒకటి అంకె ఉంది. ఆమె వేలు పైవరుసకు పోవడం లేదు. పాత టైపు మిషన్లలో ఒకటి అంకెకు మీటే ఉండదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరాన్నే ఒకటిగా కొట్టడం నేర్పిస్తారు. కాగితం మీద రెండూ ఒకటే గీత. ఇన్నేళ్ళు ఆ వేళ్ళు అట్లే నేర్చుకున్నాయి. ఆ నల్ల తెర మీద కూడా రెండూ ఒకేలా కనబడేవి, కానీ కంప్యూటర్‌కు అవి వేరు వేరు. ఇదొక్కటే కాదు. చుక్క పెట్టిన తర్వాత ఖాళీ వదలాలని టైపు శిక్షణ. ఫైలు పేరు మధ్యలో చుక్క వస్తే అక్క వేలు దానంతటది ఖాళీ వదిలేది. ఎంత బాగా నేర్చుకున్న టైపిస్టు అయితే అంత కచ్చితంగా ఇక్కడ తప్పు పడుతుంది!

చెప్తే అక్క చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నా చేతినే మార్చుకోమంటావా దీనికోసం? దసరాలోపల? నా వల్ల కాదప్పా."

ఆ వారం వాన పడింది. ఆ ఏడు వాన చాలా ఆలస్యం. నాయన కబురు పెడితే ఊరికి పోయాను. పదును ఆరకముందే విత్తాలి కదా, నేల తడి రెండు రోజులు ఉంటే గొప్ప. నేను పోయేసరికి నాయన విత్తే గొర్రుకు కావాల్సిన చెక్క గిన్నె, గొట్టాలు, మోకులు, మేకులు, సుత్తి, అన్నీ ఒక పాత దుప్పట్లో మూట కట్టి వాకిట్లో పెట్టి ఉన్నాడు. అది ఎప్పుడో మృగశిర ముందే కట్టిన మూట. మా ఇంట్లో అది ప్రతి ఏడూ చూస్తున్నదే, ఏ రోజూ పట్టించుకోలేదు.

చేన్లో ఒక గొట్టం మేకు ఊడింది. నాయన మూటలో చెయ్యి పెట్టి ఇంకో మేకు తీసి కొట్టాడు.

"నాయనా, ఇన్ని మేకులు ఎందుకు కట్టుకుంటావు? కావాలంటే అడిగి తెచ్చుకోవచ్చు గదా" అన్నాను.

"వాన పడినాక ఎవురింటికి పోయి అడుగుతావురా? అందురూ చేన్లోనే ఉంటారు. కావాల్సినప్పుడు అడిగేది లేకుండా ముందే కట్టుకోవాల."

నేను గొర్రు పట్టుకున్నవాణ్ణి అట్లే నిలబడిపోయాను. ఎద్దులు ముందుకు పోతున్నాయి, నాయన తిడుతున్నాడు, నాకు వినబడటం లేదు. అడిగేది లేకుండా ముందే కట్టుకోవాలి! కంప్యూటర్ ఒక్కొక్కటే అడుగుతుంటే నేను ఒక్కొక్కటే తెచ్చి ఇస్తున్నాను. అది అడిగేవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అన్నీ ఒకే డిస్కులో, ఎక్కాల్సిన వరుసలో కట్టిపెడితే? ఆజ్ఞలన్నీ నేనే ముందుగా ఒక ఫైలులో రాసిపెడితే? అక్క కొట్టాల్సిన పనే లేకుండా, తెర మీద ఒక బొమ్మ పెట్టి, దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు అంటే?

విత్తడం అయిపోగానే మొదటి బస్సుకు కదిరి చేరాను.

"అక్కా, నీ చెయ్యి మార్చుకోవద్దు! కంప్యూటర్‌నే మారుద్దాం!"

"వచ్చినాడప్పా. ఊర్లో ఎండ బాగా తగిలినట్టుండాది" అంది అవ్వ.

పుస్తకంలో ఆజ్ఞలను ఫైలుగా రాసే అధ్యాయం ఉంది. దాన్ని అంతకుముందు దాటేశాను. ఇప్పుడు అన్నం తింటూ కూడా అదే చదివాను. ఆ అధ్యాయంలో ఒక సలహా ఉంది: ప్రతి మెట్టు దగ్గరా, పై పని నిజంగా జరిగిందో లేదో అడిగి తెలుసుకుని, అప్పుడే కింది మెట్టుకు పో. మా ఊరి కరెంటు సంగతి తెలిసినవాడే రాసినట్టుంది ఆ మాట. నేను ఇంకొకటి కలిపాను. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా, మళ్ళీ నొక్కితే మొదటినుంచి కాకుండా ఆగిన చోటినుంచే సాగాలి.

పని చేసింది. కానీ అక్క ఇంకో చోట పట్టుకుంది. ఏదైనా తప్పు జరిగితే తెర మీద ఇంగ్లీషులో ఒక పెద్ద చాంతాడు వచ్చేది.

"ఇదేమంటాండాది?"

"ఇన్‌పుట్‌లో తప్పంట."

"అంటే ఏం చెయ్యాల నేను?"

"అంటే... డిస్కు సరిగా చదవలేకపోతాండాది. దుమ్ము పడిందేమో తుడవాల."

"ఆ ముక్కే రాయి మరి! తప్పు జరిగిందని చెప్తే ఏం లాభం? ఏం చెయ్యాల్నో చెప్పమను. తెలుగులో చెప్పమను."

"అక్కా, తెలుగు ఎక్కకముందు తెలుగులో ఎట్ల చెప్తాదక్కా?"

 అక్షరాలు ఇంకా లేని కంప్యూటర్ అక్షరాలతో మాట్లాడాలి! రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. దారి అక్కకే తోచింది. "ఫోటో చూపిస్తాది గదా ఇది? అక్షరాలు రాకపోతే ఏం, అక్షరాల ఫోటో పెట్టు." తెలుగు ఉన్న మిషన్ మీద ఆమె మాటలు టైపు చేసింది. వాటిని నేను తెరతో సహా బొమ్మలుగా పట్టుకుని డిస్కులో పెట్టాను, నొక్కగానే అన్నిటికన్నా ముందు అవే కంప్యూటర్‌లోకి దిగేలా. మాటలన్నీ అక్కవే. "ఇప్పుడు ఎక్కుతోంది, కొంచెం ఓపిక పట్టండి." "కరెంటు పోయిందా? భయం లేదు, మళ్ళీ నొక్కండి." డిస్కు గురించి ఆమె రాసింది టైపు మిషన్ అక్షరాల అచ్చులు గుడ్డతో తుడిచే అలవాటుతో: "డిస్కు కనబడలేదు. బయటికి తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి నొక్కండి."

పండగ ముందు అనంతపురం పోయి కడపటి డిస్కు రాయించుకు వచ్చాను. గీతలు పడిన పాతదాన్ని పారేశాం. మిగిలిన రెండు మిషన్లలోనూ పుస్తకం సీడీతో లినక్స్ ఎక్కించి, తెలుగు మాత్రం ఎక్కించకుండా పరీక్ష కోసం ఉంచాం.

ఆయుధపూజ వచ్చింది. అవ్వ తెల్లారే లేచి టైపు మిషన్లన్నీ కడిగింది, కంప్యూటర్లకు పూలు పెట్టింది, స్టాప్లర్‌కు, కత్తెరకు, స్కేలుకు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది. మేమంతా బొరుగులు, శనగలు తిన్నాం. ఎంత సంతోషంగా ఉన్నామో!

అధికారి చెప్పినట్టే పండగ పోయాక వచ్చాడు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను, కిటికీ పక్కనే. పక్క కొట్లో జాకెట్లు కుట్టే ఆమె కూడా చూద్దామని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని డిస్కు పెట్టి, బొమ్మ మీద రెండుసార్లు నొక్కింది.

కంప్యూటర్ మూలిగింది. గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగరమంది.  ఇంతకుముందు ఏ రోజూ రాని శబ్దం అది.

"ఏమైందండీ?" అన్నాడు ఆయన.

అక్క కిటికీ వైపు తిరగబోయి, ఆగి, తెర వైపే చూసింది. అప్పుడు తెర మీద ఆమె మాటలే వచ్చాయి. డిస్కు కనబడలేదు. బయటికి తీసి, మెత్తని గుడ్డతో తుడిచి...

ఆమె గట్టిగా, బడిలో పాఠం చదివినట్టు చదివింది. డిస్కు బయటికి తీసింది. మెరిసే వైపు తిప్పింది. అక్కడ, అద్దంలా ఉన్న ఆ ముఖం మీద, మూడు చోట్ల పసుపు, ఆ పసుపు మీద ఎర్రగా కుంకుమ!

"అమ్మా!"

"ఏమే?"

"దీనికి కూడా బొట్టు పెట్టినావా?"

"అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకుంటే ఎట్లమ్మా? అన్నిటికన్నా దానికే ముందు పెట్టినా. మెరుస్తాండే మొగం చూసి మరీ పెట్టినా."

నేను మెట్ల మీద తల పట్టుకున్నాను. అధికారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అక్క కొంగు తీసి తుడవబోయింది.

"ఉండు! పండగ బొట్టు కొంగుతో రుద్దుతావా?" అవ్వ డిస్కు లాక్కుంది. గిన్నెలో నీళ్ళు తెచ్చింది. దేవుని పటం తుడిచినట్టు, తడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు తుడిచింది. పొడిగుడ్డతో అద్దింది. "ఇంక పెట్టు. పూజ ఫలం యాడికీ పోదు."

అక్క డిస్కు లోపల పెట్టింది. మళ్ళీ నొక్కింది. ఆగిన చోటినుంచి మొదలైంది! గరగర లేదు. సన్నగా, హాయిగా తిరిగే చప్పుడు. 'ఇప్పుడు ఎక్కుతోంది, కొంచెం ఓపిక పట్టండి.' అందరూ ఓపిక పట్టారు. నాకు మాత్రం లేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను.

'అయిపోయింది' అని బొమ్మ వచ్చింది. అక్క కీబోర్డు మీద చేతులు పెట్టి కొట్టింది: 'సార్, ఎక్కింది.' మన అక్షరాల్లో!

ఆయన చప్పట్లు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తలుపు దగ్గర ఉన్న జాకెట్ల ఆమెను పిలిచాడు. "మీరు రండమ్మా. ఆ రెండో మిషన్ మీద మీరు చేయండి."

"అయ్యో సార్, నేనెప్పుడూ దీన్ని ముట్టుకోనే లేదు!"

"కుట్టు మిషన్ కూడా ఒకప్పుడు ముట్టుకుని ఉండరు కదండీ."

అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. జాకెట్ల ఆమె భయం భయంగా డిస్కు పెట్టింది, మౌసును సూది పట్టినట్టు పట్టుకుని నొక్కింది, తెర మీద వచ్చిన ప్రతి మాటా పైకి చదివింది, చెప్పినట్టు చేసింది. తెలుగు ఎక్కింది. "ఇంతేనా? ఇది జాకెట్టు కంటే తేలిక!" అంది.

అప్పుడు కొట్టాడు చప్పట్లు. బయటికి వచ్చి నా భుజం తట్టి, "ఇప్పుడు మీరు ఏ ఊరు వెళ్ళినా నాకు అభ్యంతరం లేదు" అన్నాడు.

సెంటర్ వచ్చింది. షట్టర్ దిగలేదు. ఆ డిస్కుకు కాపీలు తీసి నల్లమాడకు, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళకు పంపాం. చాలా చోట్లకు నేను పోనే లేదు. పోవాల్సిన అవసరం రాలేదు! అంతకంటే గర్వపడే మాట నా జీవితంలో ఇంకొకటి లేదు.

సాయం చేసినవాళ్ళ పేర్లు రాసి దండం పెట్టాలని ఉంది. కానీ అక్క వినలేదు. "పేర్లు ఎందుకప్పా, పని చెప్పు చాలు" అంది. అందుకని వాళ్ళ పనుల పేరుతోనే దండం పెట్టుకుంటాను. ఎవరూ తెరవని పుస్తకాన్ని నా ముందు పడేసిన లైబ్రేరియన్ సారుకు. నేను లేనప్పుడు ఫోన్లు తానే కలిపి, "వాడు ఫైలును చూడను పోయినాడు" అని అందరికీ చెప్పిన బూత్ అన్నకు. ముఖమెరగని దూరంలో కూర్చుని మన అక్షరాలను కంప్యూటర్‌కు నేర్పి ఊరికే ఇచ్చేసినవాళ్ళకు. నా మీద నమ్మకం పెట్టుకోకుండా నా పనిని పరీక్షించిన అధికారికి. జాకెట్లు కుట్టే ఆమెకు. మూట కట్టడం చూపించిన మా నాయనకు. తన చెయ్యి మార్చుకోనని మొండికేసి, కంప్యూటర్ చేత తెలుగు మాట్లాడించిన అక్కకు.

అవ్వకు కూడా. ఆ తర్వాత సెంటర్లో రాసిన ప్రతి కొత్త డిస్కుకూ ఆమె బొట్టు పెట్టి గానీ ఊరు దాటనివ్వలేదు. ఎటు పెట్టాలో అక్క చూపించింది. మెరిసే వైపు కాదు, రాత ఉన్న వైపు.